తొట్టిలో తగ్గిన రెండు బిందెలు
భద్రతా సమాచారం: అపోహలు – వాస్తవాలు

అపోహ: ప్రమాదం చిన్నదైతే బయటికి చెప్పనక్కర్లేదు. చెబితే జనం ఊరికే బెదిరిపోతారు.

వాస్తవం: జనాన్ని బెదరగొట్టేది సమాచారం కాదు, అది ఆలస్యంగా తెలియడం. అమెరికాలోని లాంగ్ ఐలాండ్ వాసులకు తాగునీరు భూగర్భం నుంచే రావాలి. అక్కడి బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో, పరిశోధన రియాక్టర్ దగ్గరి భూగర్భజలంలో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం ఉందని 1997 జనవరిలో బయటపడింది. తాగునీటికి అక్కడి హద్దు లీటరుకు 20,000 పికోక్యూరీలు. దొరికింది అంతకు ఎన్నో రెట్లు. నిజానికి ఆ నీళ్లు ఎవరూ తాగేవి కావు, ఆవరణ బయటి బావులకు ట్రిటియం చేరనూ లేదు. అయినా చుట్టుపక్కల జనం మండిపడ్డారు. పరిశీలన బావులు తవ్విస్తామని స్థానిక కౌంటీకి మాటిచ్చిన ప్రయోగశాల ఆ పని వాయిదా వేస్తూ వచ్చిందని తెలిసింది మరి. 1947 నుంచి ప్రయోగశాలను నడిపిన సంస్థ ఒప్పందాన్ని ఇంధన శాఖ 1997 మేలో రద్దు చేసింది. రియాక్టర్ మళ్లీ నడవలేదు. 1999లో దాన్ని శాశ్వతంగా మూసేయాలని నిర్ణయించారు.

అపోహ: సిబ్బంది భద్రత లోపలి వ్యవహారం, పర్యావరణం బయటి వ్యవహారం.

వాస్తవం: రెండిటి మధ్యా గోడ లేదు. బ్రూక్‌హేవెన్‌లో వాడేసిన ఇంధనాన్ని ఉంచే తొట్టిలో ట్రిటియం కలిసిన నీళ్లు సుమారు రెండున్నర లక్షల లీటర్లు ఉండేవి. రోజూ 23 నుంచి 34 లీటర్లు, అంటే మన లెక్కలో రెండు బిందెలు, నేలలోకి ఇంకిపోయేవి. నీటిమట్టం తగ్గడం సిబ్బంది చూడకపోలేదు. ఆవిరైపోతోందనుకున్నారు. ఆ కారడం పన్నెండేళ్ల దాకా సాగి ఉండొచ్చని తర్వాత తేలింది. తొట్టి చూసుకునేవాళ్లకు అది మామూలు తరుగు. భూగర్భజలాలు చూసుకునేవాళ్లకు అదే మొదటి హెచ్చరిక అయ్యుండేది. కాబట్టి సమాచారం పంచడం పత్రికా ప్రకటనతో మొదలయ్యేది కాదు, ఒక విభాగం పక్క విభాగానికి చెప్పడంతో మొదలవుతుంది.

అపోహ: అన్నీ తేలాక అంకెలు ప్రకటిస్తే బాధ్యత తీరినట్టే.

వాస్తవం: సగం తెలిసిన సంగతి చెబితే పుకార్లు పుడతాయన్న అభ్యంతరంలో కొంత నిజముంది. కానీ మౌనం పుకార్లను ఆపదు, వాటికి చోటిస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడి కమ్ముకున్నప్పుడు సైరన్ మోగలేదు. నిద్రలోంచి లేచిన జనం ఏం జరిగిందో తెలియకుండానే పరుగులు తీశారు. ఇక అంకె ఒక్కటే చాలదు. పికోక్యూరీ అంటే ఏమిటో తల్లికి అక్కర్లేదు, ఈ నీళ్లు పిల్లలకు పట్టొచ్చా అన్నదే ఆమె ప్రశ్న. ట్రిటియం కిరణాలు చర్మాన్ని దాటవు, అది ఒంట్లోకి చేరితేనే ముప్పు, 12.3 ఏళ్లకు దాని పరిమాణం సగమవుతుంది. ఇంత తేలిగ్గా చెప్పొచ్చు. దానితోపాటు ఏది తేలింది, ఏది ఇంకా పరీక్షిస్తున్నాం, మళ్లీ ఎప్పుడు చెబుతాం అన్న మూడూ చెప్పాలి. బ్రూక్‌హేవెన్ 1998లో స్థానికులతో సలహా మండలి ఏర్పాటు చేసింది. చుట్టుపక్కలవాళ్లు ప్రశ్నలడిగే ఆ చోటు, బావులు తవ్విస్తామని మాటిచ్చిన రోజే ఉండాల్సింది.