మూతపడిన కంపెనీల దావాలు – ఖర్చుల హామీ

దాజీ పేట తెలుగువారికి మూతపడిన మిల్లు క్రొత్త సంగతి కాదు. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన పద్మశాలీలు మగ్గములు నిలుపుకొన్న ఈ ఊరిలోనే, జనులు ‘జూనీ మిల్లు’ అని పిలిచిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ 1949 ఆగస్టులో తలుపులు మూసినది. 1950 జనవరిలో ఆర్డినెన్సుతో ప్రభుత్వము దాని నిర్వహణమును చేపట్టగా, ఒక వాటాదారు వ్యాజ్యమును సుప్రీం కోర్టు వరకు నడిపెను. ఆ ఆర్డినెన్సు చెల్లదని 1953 డిసెంబరులో తీర్పు వచ్చినది. అది వాటాదారుని హక్కును గూర్చిన తగవు. లిక్విడేషనులోనున్న కంపెనీయే వాదియై ఇతరులపై దావా వేసినప్పుడు పుట్టు చిక్కు వేరు. దానిని గూర్చి మనవారికి తెలిసినది తక్కువ.

దావాలో ఓడినవాడు గెలిచినవాని ఖర్చులిచ్చుట సాధారణ నియమము. వాది పేదవాడగుట దావాకు అడ్డము కాదనుటయు పాత నియమమే. 1885లో కోవెల్, టెయిలర్ అనువారి వ్యాజ్యమున ఇంగ్లండు అప్పీలు కోర్టు దీనినే చెప్పినది. కాని లిమిటెడు కంపెనీ మాట వేరు. వాటాదారుడు తన వాటా సొమ్మునకు మించి బాధ్యుడు కాడు. కంపెనీ ఓడినచో, గెలిచిన ప్రతివాది ఎవరి ఇల్లు జప్తు చేయించును? అందుచేత, కంపెనీ ఖర్చులు చెల్లింపజాలదని నమ్మదగిన సాక్ష్యమున్నచో ముందుగా హామీ కట్టుమనియు, కట్టువరకు దావా ఆగవలెననియు ఉత్తరువు చేయు అధికారమును ఇంగ్లండులో 1862 కంపెనీల చట్టము 69వ సెక్షను న్యాయాధిపతికి ఇచ్చెను. మన 1956 చట్టమున ఇదియే 632వ సెక్షను. ఈ హామీ కోర్టు ఫీజు కాదు. ప్రతివాది ఖర్చులకు ఉంచు జామీను.

లిక్విడేషనులో ఉండుటయే చెల్లింపలేమికి ప్రథమ సాక్ష్యమని 1878లో నార్తాంప్టన్ బొగ్గు కంపెనీ వ్యాజ్యమున తేలినది. కాదని చూపు భారము కంపెనీదే.

ఇక్కడనే అన్యాయమునకు సందు కలదు. ఒక ఊహ చేయుదము. దాజీ పేటలోని చద్దరుల కంపెనీ యొకటి దూరపు వర్తకునికి పది లక్షల సరకు అరువిచ్చినది. వాడు సొమ్ము ఎగవేసెను. నూలు వ్యాపారికి బాకీ తీరలేదు, నేతగాండ్రకు కూలి నిలిచిపోయినది, కంపెనీ లిక్విడేషనులో పడినది. లిక్విడేటరు దావా వేయగా, ఆ వర్తకుడే, “వీరి చేతిలో చిల్లిగవ్వ లేదు, నా ఖర్చులకు హామీ ఇప్పించుడు” అని కోరును. నిప్పు పెట్టినవాడే నీళ్లకు వెల అడిగినట్లు!

1973లో పార్కిన్సన్, ట్రిప్లాన్ వ్యాజ్యమున లార్డ్ డెన్నింగు విచారించినది ఇట్టి సంగతినే. ఉత్తరువు చేయుట కోర్టు విచక్షణకు చెందినది గాని తప్పనిసరి కాదు. దావా నిజాయితీగలదా, గెలుపునకు అవకాశమున్నదా, ప్రతివాది బాకీని కొంతయైన ఒప్పుకొనెనా, న్యాయమైన దావాను నొక్కివేయుటకే హామీ అడుగుచున్నాడా, అడుగుటలో జాగు చేసెనా అని చూడవలెను. అన్నిటికంటె మనకు ముఖ్యమైనది, కంపెనీ లేమికి ప్రతివాది చేతలే కారణమా అను ప్రశ్న. కావున లిక్విడేటరు సరకు చిట్టాలు, రసీదులు, బాకీకై వ్రాసిన జాబులు మొదటనే కోర్టు ముందుంచుట మేలు. పాత లెక్కల పుస్తకములు చిత్తుకాగితములకు అమ్ముకొన్నవారికి ఈ వాదము చేజిక్కదు.

1956 చట్టమునకు బదులుగా 2013 చట్టము వచ్చినది. సివిలు కోర్టులకు 1908 సివిల్ ప్రొసీజరు కోడు 25వ ఆర్డరు కలదు. దాని క్రింద కోర్టు కారణములు వ్రాసి వాదిని హామీ అడుగవచ్చును. గడువులో కట్టనిచో, వాది ఉపసంహరించుకొనుటకు అనుమతి పొందిననే తప్ప దావా కొట్టివేయబడును. తగిన కారణము చూపినచో మరల నిలుపుకొనవచ్చును. కోర్టు ఫీజు విషయమున మాత్రము 2001లో సుప్రీం కోర్టు కొంత ఊరట నిచ్చినది: కంపెనీ సైతము నిర్ధనుల దావాకు అర్హురాలే యని ఖాదర్ ఇంటర్నేషనల్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది.

2016 దివాలా కోడు 33వ సెక్షను ప్రకారము లిక్విడేటరు కంపెనీ తరఫున దావా వేయుటకు ట్రిబ్యునలు ముందస్తు ఆమోదము కావలెను. దావాకై అతడు చేయు వ్యయము లిక్విడేషను ఖర్చులలో చేరును. 53వ సెక్షనున వానికే మొదటి స్థానము. ఆ తరువాతనే ఇరువదినాలుగు నెలల కార్మికుల బాకీ, హామీగల ఋణదాతల బాకీతో సమముగా వచ్చును. గెలిచిన దావా కూలి బాకీకి దారి చూపును. ఓడిన దావా ఆ మూటనుండియే తీసికొనిపోవును. అందుచే ఆమోదము కోరుటకు ముందే, బాకీదారుని వద్ద వసూలుకు తగిన ఆస్తి ఉన్నదా, హామీ అడిగినచో సొమ్ము ఎచ్చటనుండి వచ్చును అని లిక్విడేటరును అడిగి తెలిసికొను పని నేతగాండ్ర సంఘములది.