ఫ్లాష్‌ని సీలింగ్‌కి తిప్పితే

పెళ్ళికూతురి నుదురు, ముక్కు జిడ్డుగా మెరిసి, వెనక గోడ మీద తల నీడ గీత గీసినట్టు పడిందంటే, ఫ్లాష్‌ని సూటిగా మొహం మీదికే కొట్టారన్నమాట. చాలామంది వెలుగు ఎక్కువైందనుకుని పవర్ తగ్గిస్తారు. దాంతో ఫోటో చీకటవుతుంది తప్ప నీడ అంచు మెత్తబడదు. మొహం దగ్గర్నుంచి చూస్తే దీపం ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదే నీడ కరుకుదనాన్ని తేలుస్తుంది. సూర్యుడి వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు. అంతటివాడూ 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉండడంతో ఆకాశంలో అర డిగ్రీ మేరే కనిపిస్తాడు. ఎండలో నీడలు అంత కరుగ్గా పడేది అందుకే. మబ్బు కమ్మితే ఆకాశమంతా దీపమై నీడలు పలచబడతాయి.

ఫ్లాష్ తల బెత్తెడైనా ఉండదు. దాన్ని తెల్లటి సీలింగ్ వైపు తిప్పితే, గరుకైన సున్నం ఆ వెలుగుని అన్ని వైపులా చెదరగొడుతుంది. అక్కడ పరుచుకున్న కొన్ని అడుగుల వెలుగే ఇప్పుడు అసలు దీపం. నీడలో ఉండిపోవాల్సిన చెంపకీ అందులో కొంత భాగం కనిపిస్తుంది కాబట్టి, వెలుగు నీడలోకి మెల్లగా దిగుతుంది. లెన్స్ పక్కనుంచి కంట్లోకి దూరి రెటీనా నుంచి తిరిగొచ్చే ఎర్ర మెరుపూ ఉండదు.

ఈ సూత్రాన్ని సినిమాలో గొప్పగా వాడిన ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956) కోసం కాశీలోని ఇంటి మండువాని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. మండువాలోకి ఆకాశం నుంచి దిగే వెలుతురుకి గట్టి నీడలుండవు. మిత్ర సెట్ పైన తెల్లగుడ్డ పరిపించి, కింద నుంచి లైట్లు దాని మీదికి కొట్టించాడు. ఆ దృశ్యాలు చూస్తుంటే పైన ఉన్నది గుడ్డ అని నమ్మబుద్ధి కాదు.

అయితే ఈ పద్ధతిలో వెలుగు బాగా ఖర్చవుతుంది. తరచు రెండు మూడు స్టాపులు పోతాయి, అంటే వెలుగులో నాలుగో వంతో ఎనిమిదో వంతో మిగులుతుంది. ఐఎస్ఓ పెంచుకోవాలి. గోడ ఆకుపచ్చదైతే మొహాలూ పచ్చబారతాయి. సరిగ్గా నెత్తి మీదున్న సీలింగ్‌కి కొడితే కళ్ళు నీడగుంటల్లో పడతాయి.

నా మటుకు నాకు సీలింగ్ కన్నా పక్కగోడే ఇష్టం. కిటికీ వెలుతురులా ఒక పక్కనుంచి వచ్చి ముక్కు తీరునీ, చీర జరీ నేతనీ విడివిడిగా చూపిస్తుంది. కప్పు అందనంత ఎత్తున్న ఫంక్షన్ హాల్లో, పక్కన ఎవరిచేతనైనా తెల్ల థర్మోకోల్ షీటు పట్టించి దాని మీదికి కొట్టినా సరిపోతుంది. షీటు మనిషికి ఎంత దగ్గరగా ఉంటే నీడలు అంత మెత్తగా వస్తాయి.