గోడమీది పాత తుపాకి: దానిని గుర్తించుట, వెలకట్టుట

నేను ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా బడిలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాకరణము చెప్పవలసినవాడు తుపాకుల మాట యెత్తుటేమని మీకు తోచవచ్చును. శాసనములు చదువు అలవాటే నన్నీ దారికి తెచ్చినది. రాతిమీది అక్షరమువలెనే ఇనుముమీది అక్షరమును గూడ చదువవలసినదే గదా.

బొబ్బిలికి ఆమడ దూరమున నొక పల్లెలో నాకు తొలి ఉద్యోగమయ్యెను. నేను దిగిన యింటి నడవలో నొక నిడుపాటి తుపాకి వ్రేలాడుచుండెను. దానికి తాతలనాటి నుండి లైసెన్సు కలదు. ఇంటి యజమాని నాయుడుగారు, “పంతులుగారూ, ఇది బొబ్బిలి యుద్ధమున మా పెద్దలు పట్టిన తుపాకి” అని చెప్పిరి. నేను నమ్మితిని. ఆ యేటి దసరాకు ఆయుధపూజ నిమిత్తము దానిని తోమి పెట్టుదునని ముందుకు వచ్చితిని. ఇటికపొడియు చింతపండును తీసికొని అద్దమువలె మెఱయునట్లు తోమితిని. ఆనాడు నన్నందఱును మెచ్చుకొనిరి.

గడచిన సంవత్సరము నాయుడుగారు మనుమని చదువు కర్చులకై దానిని అమ్మదలచి నన్ను పిలిపించిరి. అంతకుముందే యొకరు చూచి, “కోసిన తుపాకి, లోపలి గాళ్లు అరిగిపోయినవి, తుక్కు వెల చేయును” అని చెప్పిపోయిరట. నిజమేమో తేల్చుటకు మేమిద్దఱము రెండు దినములు కూర్చుంటిమి.

అన్నిటికంటె ముందు చేయవలసిన దొకటి కలదు. గొట్టము కొననుండి మందు దట్టించు తుపాకులలో, అనగా మనవారు భర్మారు లనువానిలో, ఎవరో యెన్నడో నింపిన మందు లోపలనే యుండిపోవచ్చును. నల్లమందు నూఱేండ్లైనను చావదు. కొననుండి పుల్లనొకదానిని మెల్లగా దింపి, అది ఎంతవఱకు దిగెనో గుఱుతు పెట్టి, వెలుపల గొట్టము ప్రక్కన ఆనించి చూడవలెను. గొట్టపు మొదలికి జానెడో బెత్తెడో తక్కువైనచో లోపల ఏదియో కలదన్నమాట. అప్పుడు దానిని కదపక పోలీసువారికి తెలుపవలయును. నాయుడుగారి తుపాకి ఖాళీగానే యుండెను.

పిమ్మట బొబ్బిలి మాట. ఆ యుద్ధము 1757 జనవరి 24న జరిగెను. ఆ కాలమున తుపాకిని వత్తితోనో చెకుముకి రాతితోనో ముట్టించెడివారు. ఈ తుపాకి కట్టిది కాదు. సుత్తి క్రింద రాగి టోపీ నుంచు చిన్న మొలక కలదు. సుత్తి దెబ్బతో మందు మండు ఈ ఉపాయమునకు ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు 1807లో పేటెంటు పొందెను. ఆంగ్ల సైన్యమున అది వ్యాపించినది 1840 ప్రాంతమున. “చెకుముకి తుపాకినే తరువాత టోపీ తుపాకిగా మార్చియుందురేమో” అని నాయుడుగారనిరి. ప్రశ్న మంచిదే, అట్లు మార్చినవి వేలకొలది కలవు. కాని అట్టివానిలో సుత్తి నమర్చిన ప్రక్కపలకమీద మందుగిన్నెను, దాని కమానును ఊడదీసిన రంధ్రములను పూడ్చిన గుఱుతులు కానవచ్చును. ఈ పలక మొదటినుండి నునుపు. బొబ్బిలి కథ అంతటితో పోయెను. ఆయన చాలసేపు మాటాడలేదు.

మఱి ఇది యేమి? పలక వెనుకభాగమున కిరీటము, దాని క్రింద విక్టోరియా రాణి పేరిటి రెండక్షరములు. ముందుభాగమున సంవత్సరము, టవర్ అను మాట. ఇది 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు గుర్తు. దాని లోపల మెలితిరిగిన గాళ్లు మూడు, రంధ్రపు వెడల్పు అంగుళములో వేయింట 577 పాళ్లు, అనగా పదునాలుగున్నర మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ. గొట్టము 39 అంగుళములు, దానిని కొయ్యకు బిగించు పట్టీలు మూడు. దీని తూటా విషయమై పుట్టిన కలవరమే 1857 తిరుగుబాటునకు కారణములలో నొకటియని మీరెఱుగుదురు.

ఇందులో గాళ్లు లేవు. అరిగిపోయిన గాళ్లైనచో రంధ్రము పదునైదు దాటకుండవలె, నక్కడక్కడ గీతల జాడ యుండవలె. నేను కొలువగా 16 మిల్లీమీటర్లు దాటి 17కు లోబడెను. కారణ మిది: తిరుగుబాటు అణగిన పిదప దేశీయ సిపాయిల చేతికి తెల్ల సిపాయిల తుపాకితో సమానమైన దానిని ఇచ్చుటకు ప్రభుత్వము జంకెను. అందుచేత 1858 నుండి రైఫిళ్ల గాళ్లను తొలిచివైచి, రంధ్రమును వేయింట 656 పాళ్లకు పెంచి, తొమ్మిదివందల గజములకు గుఱి చూపు నిచ్చెనను తీసి, చిన్న స్థిరమైన గుఱిపలకను పెట్టిరి. తొలువగా గొట్టపు గోడ పలుచనయ్యెను. అందుకే 1859లో దళసరి గొట్టముతో మఱియొక నమూనా చేయవలసి వచ్చినది. మన తుపాకి గొట్టము పలుచనిదే. కావున గాళ్లు లేకపోవుట లోపము కాదు, ఒక రాజ్యపు భయము ఇనుములో మిగిల్చిన గుఱుతు. సైన్యపు కర్మాగారమున జరిగిన ఇట్టి మార్పు వెలను తగ్గింపదు. వీనిని కోరి వెదకువారును గలరు. 1866 మొదలుకొని ఎన్‌ఫీల్డుల వెనుకభాగమును కోసి, కుడిప్రక్కకు తెఱచుకొను మూత నమర్చి స్నైడరులుగా మార్చుటయు నట్టిదే.

కోత సంగతి వేఱు. గొట్టము 31 అంగుళములే యున్నది, పట్టీలు రెండే. సైన్యమున రెండు పట్టీల కుఱుచ రైఫిలును కలదు గాని దాని గొట్టము 33 అంగుళములు. దీనికి కొన యొక ప్రక్కకు వాలి యున్నది. కొయ్య చివర నుండవలసిన ఇత్తడి తొడుగు లేదు. నాయుడుగారి తాతగారు అడవిపందుల వేటకై ఊరి కమ్మరిచేత కోయించిరని యింటి ముసలమ్మగారు చెప్పిరి. ఇది తిరిగిరాని నష్టము. క్రొత్త ముక్క నదికినచో మోసమని పేరుపడి వెల మఱింత దిగును.

ఇక మూడవ మార్పు నాది. పలకమీది సంవత్సరము కానరాలేదు. రెండంకెలు నీడవలె, తక్కిన రెండును లేనే లేవు. తొలిచినది 1858లో గావున, అంతకు పూర్వపు సంవత్సరము పలకమీద నున్నచో రైఫిలుగా పుట్టి పిదప మార్పబడినదని ఆ యొక్క అంకెయే సాక్ష్యము. దానిని నేనే ఇటికపొడితో తుడిచివైచితిని. ఆ మాట నాయుడుగారితో దాచక చెప్పితిని. ఆయన, “మీరు పూజకే గదా తోమినారు” అనిరి. అది నాకు మఱింత బాధ కలిగించెను.

ఇంటికి వచ్చి పాత దినచర్య పుస్తకములు వెదకితిని. కనబడిన వ్రాతలెల్ల ఎక్కించుకొను అలవాటు ఆనాటికే నాకుండెను. తోముటకు ముందు వ్రాసికొన్న పంక్తి దొరకెను: కిరీటము, టవర్, 1856. ఆ యాకును సంతకముతో నాయుడుగారి కిచ్చి, లైసెన్సు కాగితములతో దాచుమంటిని. చెఱగిన అంకెకు వ్రాసిన సాక్ష్యము సరిపోదు. అయినను ఏమియు లేకుండుటకంటె మేలు. బొబ్బిలి కథను గూడ ‘ఇంటివారు చెప్పుకొనునది’ యని క్రింద వ్రాసితిని.

వెల విషయమున నింకొక చిక్కు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన ఇట్టి వస్తువును వ్యక్తులు దేశము దాటింపరాదు. కావున పైదేశపు వేలములలో పలుకు ధరలు మనకు పనికిరావు. పనిచేయు తుపాకిని లైసెన్సు గలవారికే, నియమానుసారముగనే అమ్మవలెను. 1959 నాటి ఆయుధచట్టము విడిచిపెట్టునది, బాగుచేసినను పేలని పాతవానిని మాత్రమే. ఆ మినహాయింపునకై గొట్టములో సీసము పోసి పాడుచేయువారు కలరు. తొందరపడి అట్లు చేసిన వస్తువూ పోవును, వెలయూ పోవును.

మొత్తముమీద అది తుక్కు కాదు, నిధియు కాదు. కోయనిచో వచ్చు వెల రాదు. తుక్కు వెలకు మాత్రము ఇయ్యనక్కఱలేదు. నాయుడుగారు మనుమని రుసుమునకు వేఱుదారి చూచుకొని తుపాకిని గోడకే తగిలించిరి. ఈ దసరాకు రమ్మని నాకుత్తరము వ్రాసిరి. పలుచని నూనెయు మెత్తని గుడ్డయు సిద్ధముగా నున్నవనియు, ఇటికపొడి తేవలదనియు చివర చేర్చిరి.