ఆలోచనకు కొత్త కాలువ

ఒక గదిలో కూర్చున్న మనిషి చేయి కదపాలని తలచాడు. ఆవరణకు ఆ చివరనున్న మరో గదిలో వేరొకరి వేలు కదిలింది! యిది గారడీ కాదు. 2013 ఆగస్టు 12న అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం.

తలచినవారు డాక్టర్ రాజేష్ రావు. హైదరాబాదు కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకున్నవారు. 1998లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం డాక్టరేటు పుచ్చుకుని, మెదడుకూ కంప్యూటరుకూ వారధి కట్టడమే వృత్తిగా చేసుకున్నారు. పక్షవాతం, వెన్నుపాము గాయాల పాలైనవారికి వుపకరించే పరికరాల పరిశోధన కేంద్రానికి సారథ్యం వహించారు.

ఆనాడు వారు ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టుకుని, తెరమీది ఫిరంగి పేల్చడానికి కుడిచేయి కదుపుతున్నట్టు మనసులోనే వూహించారు. మెదడులోని సన్నని విద్యుత్తు అలలను టోపీ పట్టింది; కంప్యూటరు వాటిని గుర్తించి కబురు పంపింది; సహోద్యోగి ఆండ్రియా స్టోకో తలపైనున్న అయస్కాంతపు చుట్ట ఆయన మెదడును తట్టింది. వేలు మీట నొక్కింది.

యిందువల్ల మనకేమి లాభమంటారా? మా గోదావరి కాలువలను తలచుకోండి. గండి పడితే దిగువ చేలు ఎండుతాయి. అంతమాత్రాన ధవళేశ్వరం దగ్గర నీరు లేదని అర్థమా? వెన్నుపాము దెబ్బతిన్నవారి సంగతీ అంతే. మెదడు ఆజ్ఞ యిస్తూనే వుంటుంది, చేతికి అందదు. ఆ ఆజ్ఞను ఎగువనే పట్టి వేరే దారిన మళ్ళించడమే యీ శాస్త్రం.

టోపీకి వినబడేది గోడ అవతలి గుసగుస మాత్రమే. కనుక మరికొందరు మెదడులోనే చిన్న ఎలక్ట్రోడ్లు అమర్చారు. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిన ఫలితం చూడండి: మెడ నుంచి కిందికంతా చచ్చుబడిన ఒకాయన చేత్తో రాస్తున్నట్టు వూహించుకుంటే, నిమిషానికి 90 అక్షరాలు తెరమీద పడ్డాయి!

అయితే తొందరపడకూడదు. దీనికి పుర్రె తెరిచే శస్త్రచికిత్స కావాలి. ఎలక్ట్రోడ్లు కొన్నాళ్ళకు మందగించవచ్చు. యింకా చాలావరకు ప్రయోగదశే. రాజమండ్రి వెళ్ళి తెచ్చుకునే సరుకు కాదు.

మా వీధిలో కొబ్బరిచెట్టు మీదనుంచి పడి మంచం పట్టినాయన ఒకరున్నారు. చూడవచ్చినవారు ఆయన పక్కనే నిలబడి, "ఎలా వున్నాడమ్మా?" అని భార్యనడుగుతారు. ఒకనాడు ఆయనే నాతో అన్నారు: "చెయ్యి ఎత్తాలని రోజూ అనుకుంటూనే వున్నానండీ. చేతికే వినబడటం లేదు."

యీ శాస్త్రం ఆ మాటకు సాక్ష్యం పలికింది. యంత్రం మన వూరు వచ్చేలోగా మనం చేయగలిగినది ఒకటున్నది: అటువంటివారి కుశలం వారినే అడుగుదాం.