పార్టిషన్ చెడినప్పుడు ఫైళ్లు ఏమవుతాయి?

హార్డ్ డిస్కును తగిలించగానే అందులోని ఒక డ్రైవ్ తెరుచుకోక, దానిని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని విండోస్ అడగడం, ఫైల్ సిస్టం పేరు ఉండవలసిన చోట ‘రా’ అని కనిపించడం పార్టిషన్ చెడిందనడానికి సాధారణ లక్షణాలు. ఒకే డిస్కును వేర్వేరు డ్రైవులుగా వాడుకునేందుకు చేసిన విభాగాన్ని పార్టిషన్ అనీ, ఆ విభాగంలో ఏ ఫైలు ఎక్కడుందో లెక్క రాసుకునే ఏర్పాటును ఫైల్ సిస్టం అనీ అంటారు. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు గాని, రాత సాగుతుండగానే కేబుల్ ఊడదీసినప్పుడు గాని తరచుగా దెబ్బతినేవి ఈ లెక్కలే. అడంగల్‌లో నమోదు చెరిగినంత మాత్రాన చేను చోటు మారనట్లే, లెక్క చెడినా ఫైళ్లలోని సమాచారం చాలావరకు ఉన్నచోటనే ఉంటుంది కనుక పునరుద్ధరణకు అవకాశం మిగులుతుంది.

ఈ లెక్కలు పరిమాణంలో ఎంత చిన్నవో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన మాస్టర్ బూట్ రికార్డ్ పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారుకు, అంటే 512 బైట్ల తునకకు, చివరి భాగాన 64 బైట్ల పట్టిక ఉంటుంది. అందులో ఒక్కొక్క పార్టిషన్‌కు దక్కేది 16 బైట్లే. పార్టిషన్ ఎక్కడ మొదలై ఎంతవరకు సాగుతుందో చెప్పే ఆ 16 బైట్లు చెరిగితే వందల గిగాబైట్ల డ్రైవ్ కనిపించకుండా పోతుంది. తరువాత వచ్చిన జీపీటీ పద్ధతి ఈ పట్టికకు డిస్కు చివర మరొక ప్రతిని ఉంచుతుంది. విండోస్‌లో ఎక్కువగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్ కూడా ఇటువంటి ముందుచూపుతోనే తన బూట్ సెక్టారు నకలును పార్టిషన్ చివరి సెక్టారులో దాచుకుంటుంది. ప్రతి ఫైలుకూ అది ‘మాస్టర్ ఫైల్ టేబుల్’లో సాధారణంగా 1,024 బైట్ల నమోదు ఒకటి రాస్తుంది, ఫైలు పేరు, తేదీలు, డిస్కుపై దాని చోటు అందులోనే ఉంటాయి, మరీ చిన్న ఫైలైతే దాని పాఠం సైతం అందులోనే ఇముడుతుంది. ఈ నమోదులు దొరికితే పేర్లతో, ఫోల్డర్లతో సహా అంతా తిరిగి రావచ్చు.

అందువల్ల చెడిన డ్రైవ్‌పై కొత్తగా ఏమీ రాయకపోవడమే అన్నిటికన్నా ముఖ్యం. క్విక్ ఫార్మాట్ ఖాళీ లెక్కలను మాత్రమే రాస్తుంది గాని, విస్టా నాటి నుంచి విండోస్ చేసే పూర్తి ఫార్మాట్ డ్రైవ్ అంతటా సున్నాలు నింపుతుంది. దాని తరువాత వెదకడానికి ఏమీ మిగలదు. చెక్‌డిస్క్ కమాండును మొదటి మందుగా ప్రయోగించడం కూడా ప్రమాదమే, ఎందుకంటే దాని లక్ష్యం ఫైల్ సిస్టం లెక్కలను పొసగేలా చేయడమే గాని ఫైళ్లను కాపాడడం కాదు. పొసగని నమోదులను అది తొలగించవచ్చు. డిస్కు నుంచి టిక్కు టిక్కుమనే శబ్దం వస్తుంటే లోపం యంత్రభాగాలలో ఉండవచ్చు కనుక, వెంటనే కరెంటు ఆపి, దుమ్ము చొరని గదిలో డిస్కును విప్పగల నిపుణులకు అప్పగించడం తప్ప మార్గం లేదు.

శబ్దం లేని డిస్కు విషయంలో మొదట చేయవలసింది దానిని ఉన్నదున్నట్లుగా లోపం లేని మరొక డిస్కులోకి నకలు తీయడం. లినక్స్‌లో ఉచితంగా లభించే డీడీరెస్క్యూ ముందు సులభంగా చదవగలిగే భాగాలను తీసుకుని, మొరాయించే సెక్టార్లను తరువాతికి వాయిదా వేస్తుంది; ఎంతవరకు చదివిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మొదటికి రానక్కరలేదు. తరువాతి ప్రయోగాలన్నీ ఆ నకలుపైనే జరగాలి.

క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన టెస్ట్‌డిస్క్ డిస్కంతా గాలించి పాత పార్టిషన్ల ఆనవాళ్లను పట్టి, పట్టికను తిరిగి రాయగలదు, బూట్ సెక్టారును దాని నకలు నుంచి సరిచేయగలదు. లెక్కలు పూర్తిగా పోయినచోట అక్కరకు వచ్చేది ఆయనదే అయిన ఫోటోరెక్. ఇది ఫైల్ సిస్టం జోలికి పోకుండా ఫైళ్ల ఆరంభచిహ్నాలను వెదుకుతుంది. ఉదాహరణకు జేపీఈజీ ఫోటో ఏదైనా 255, 216, 255 అనే విలువలున్న మూడు బైట్లతో మొదలవుతుంది. అయితే ఈ పద్ధతిలో దొరికే ఫైళ్లకు పాత పేర్లు గాని, ఫోల్డర్లు గాని సాధారణంగా ఉండవు; ముక్కలుగా విడిపోయి డిస్కులో అక్కడక్కడ పడి ఉన్న పెద్ద వీడియోలు తరచుగా అతుకు తప్పుతాయి.

ఆరంభచిహ్నమే లేని సాదా పాఠ్యం సంగతి ఇంకొంచెం కష్టం. ఇక్కడ తెలుగు లిపికి ఒక సౌలభ్యం ఉంది: యూటీఎఫ్-8 రూపంలో దాచిన తెలుగు వర్ణసంకేతాలు ఒక్కొక్కటి మూడు బైట్లు కాగా, వాటిలో మొదటిది ఎప్పుడూ 224, రెండవది 176 లేదా 177, ఈ జతలు గుంపుగా కనిపించిన సెక్టార్లను పట్టుకుంటే, పేరు పోయిన కథను గాని, సగం రాసిన వ్యాసాన్ని గాని ముడి డిస్కు నుంచి ఏరుకోవచ్చు.

ఈ ఆశలు ఎస్ఎస్‌డీల విషయంలో చాలావరకు వర్తించవు. ఫైలు తొలగించినప్పుడో ఫార్మాట్ చేసినప్పుడో విండోస్ పంపే ట్రిమ్ ఆజ్ఞ ఆ చోటు ఇక అక్కరలేదని డ్రైవ్‌కు తెలుపుతుంది, డ్రైవ్ తన తీరిక వేళలో దానిని చెరిపేస్తుంది. బిట్‌లాకర్‌తో గుప్తీకరించిన పార్టిషన్‌లోనైతే ఆరంభచిహ్నాలు కూడా గుర్తుపట్టరాని రూపంలో ఉంటాయి కనుక, ఏ వెదుకులాటకైనా ముందు 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉండాలి. చాలా సందర్భాలలో అది యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరచి ఉంటుంది.