పాత ఎన్లార్జరును కొనునప్పుడు

ఛాయాచిత్రములను ఇంటనే ముద్రించుకొనవలెనను కోరిక మన సోదరీమణులలో కొందరికి మరల కలుగుచున్నది. చేతిలోని ఫోనుతో దినమునకు నూరు బొమ్మలు తీయగల ఈ కాలమున చీకటిగది యేల యని నవ్వువారు నవ్వుదురు గాక. అనేక గృహములలో ట్రంకుపెట్టె యడుగున, పాత శుభలేఖల నడుమ, కాగితపు సంచిలో నెగెటివులు కొన్ని పడియుండును. గోడకు తగిలించిన పటము చెదలపాలైనను, ఆ చిన్న ఫిల్ముతునకలో అమ్మమ్మ ముఖము నిలిచియే యుండును. తెల్లజుట్టు నల్లగను, నల్లచీర తెల్లగను కనబడును, అంతే. స్కానరుతో దానిని కంప్యూటరున కెక్కింపవచ్చును, అదియు మంచిదే. కాని కాగితముపై, తన కన్నులయెదుట, డెవలపరులో ఆ ముఖము మెల్లగా తేలివచ్చుట చూడగోరు వారికి ఎన్లార్జరు కావలయును. క్రొత్తది కొనవలెనన్న వెల హెచ్చు. కావున పాతదానినే వెదకుకొనవలసి యుండును.

మొట్టమొదట చేయవలసిన పని అంగడికి పోవుట కాదు. ఆ ట్రంకుపెట్టె దింపి, కొలబద్దతో నెగెటివులను కొలుచుట. ఈ యొక్క పని చేయక యంత్రమును కొని తెచ్చుకొన్నవారు, అది యెంత మంచిదైనను, తమకు కావలసిన పటమును దానిలో ముద్రింపజాలక చింతించుచుందురు.

35 మిల్లీమీటర్ల ఫిల్ముపై పడిన బొమ్మ 24 మి.మీ. వెడల్పు, 36 మి.మీ. పొడవు ఉండును. ఒకప్పుడు మన దేశమున మధ్యతరగతి యిండ్లలో మిక్కిలి వాడుకలో నుండిన అగ్ఫా క్లిక్-3 కెమెరా 120 ఫిల్ముపై 6 సెంటీమీటర్ల చదరపు బొమ్మలు పండ్రెండు తీసెడిది. అంతకు పూర్వపు పెట్టెకెమెరాలు పెక్కు అదే ఫిల్ముపై 6×9 సెం.మీ. బొమ్మలు ఎనిమిది మాత్రమే తీసెడివి. పెద్ద నెగెటివునకు తగిన ఎన్లార్జరులో చిన్న నెగెటివును ముద్రింపవచ్చును. చిన్నదానికై చేసిన యంత్రములో పెద్దది పట్టదు. పట్టించినను నలుప్రక్కలు కోసికొని పోవును, అంచున నిలుచున్న మేనత్త పటములో లేకుండపోవును.

జర్మనీవారి లైట్జ్ ఫోకోమాట్ 1-సి మిక్కిలి గొప్ప యంత్రమని పేరుపడినది, నిజమే. కాని అది 35 మి.మీ. ఫిల్మునకే. క్లిక్-3 నెగెటివులు గల యింటికి దానికంటె చెకోస్లొవేకియాలో చేసిన మియోప్టా ఒపేమస్-6 గాని, ఇటలీ దేశపు డర్స్ట్ ఎమ్-605 గాని మేలు; అవి 6×6 వరకు పనిచేయును. అమెరికాలో చేసిన బెసెలర్ 23-సి 6×9 వరకు పోవును గాని, అది బరువైనది, ఎత్తైనది. చిన్న గదిలో ఇమడదు. ఇంటనున్న 6×9 నెగెటివులు నాలుగైదే యైనచో వానికొరకు పెద్ద యంత్రము కొనుట మాకు సమ్మతము కాదు. ఎర్రదీపపు వెలుతురున ఫోటో కాగితముపై నెగెటివును పరచి, పైన అద్దపుపలక నుంచి, తెల్లని దీపమును కొన్ని క్షణములు వెలిగించినచో ఎన్లార్జరు లేకయే అదే పరిమాణపు పటము వచ్చును. పూర్వము ఇండ్లలోని చిన్నపటములు పెక్కు ఇట్లే ముద్రింపబడినవి.

మా యూళ్లలో పాత స్టూడియోలు రంగుల లాబరేటరీలు వచ్చినప్పుడు కొన్నియు, డిజిటల్ కెమెరాలు వచ్చినప్పుడు మిగిలినవియు మూతపడినవి. వానిలోని ఎన్లార్జరులు కొన్ని పాతయినుము వెలకు పోయినవి, కొన్ని అటకలమీద నున్నవి. అట్టి చోట వెదకుటయే మంచిది. యజమాని బ్రతికియున్నచో దాని గుణదోషములు ఆయనయే చెప్పును. పాతసామానుల అంగడివాడు అన్ని ఫిల్ములును పట్టునని ప్రమాణము చేయును. అతని మాట వినుచు, నెగెటివును పట్టియుంచు పలకను, అనగా క్యారియరును, చూపుమని యడుగవలెను. పాతయంత్రములలో తరచుగ పోవునది యిదియే. మీ నెగెటివు కొలతకు సరిపోవు క్యారియరు లేనిచో దానిని వేరుగా సంపాదించుట యంత్రమును సంపాదించుటకంటె కష్టము. నెగెటివునొకదానిని వెంట తీసికొనిపోయి, అంగడిలోనే పెట్టి చూడుడు.

తరువాత స్తంభము. తలభాగమును పైకి ఎత్తి విడిచినచో అది ఉన్నచోటనే నిలువవలెను, జారిపోరాదు. ప్రక్కకు కొంచెము త్రోసి చూడుడు, అల్లాడునా, వంగినదా? వంగిన స్తంభము బాగుపడదు, ఎంత చవుకకైనను వలదు. క్రింది పలక, నెగెటివుపలక, లెన్సు ఈ మూడును ఒకదానికొకటి సమాంతరముగ నుండవలెను. తాపీవాని రసమట్టము చిన్నదొకటి కొనిపోయి ఒక్కొక్కదానిపై నుంచి చూచిన తెలిసిపోవును. కరెంటున్నచోట ఇంకను సులువు: లెన్సు పూర్తిగా తెరచి, బొమ్మ నడుమను స్పష్టము చేసి, నాలుగు మూలలను చూడుడు. ఒక మూల మాత్రమే మసకగా నున్నచో తల వంకరగా నున్నదనుట. మరలు త్రిప్పి సరిచేయు వీలు కొన్ని యంత్రములకు కలదు, అన్నిటికి లేదు.

లెన్సును గూర్చి భయపడనక్కరలేదు, అది మార్చుకొనదగిన వస్తువు. చాలవరకు 39 మి.మీ. మరతో బిగియును. 35 మి.మీ. ఫిల్మునకు 50 మి.మీ. లెన్సు, 6×6 నకు 75 లేక 80, 6×9 నకు 105 మి.మీ. లెన్సు తగును. పెద్ద నెగెటివునకు పొట్టిలెన్సు వాడినచో పటము మూలలు నల్లబడక తెల్లబోవును. కాంపోనాన్, రోడగాన్, ఎల్-నిక్కార్ అను పేర్లు లెన్సుపై కనబడినచో సంతోషింపవచ్చును. లేకున్నను, మూడు గాజులతో చేసిన సామాన్యపు లెన్సైనను ద్వారము ఎఫ్-8 వరకు మూసి వాడినచో, క్రొత్తగ నేర్చుకొనువారి 8×10 అంగుళముల పటమునకు చాలును. టార్చిదీపమునకు ఎదురుగ పట్టి చూచినప్పుడు లోపల సాలెగూటి పోగులవలె కనబడునది బూజు. విశాఖపట్టణము, కాకినాడ, బందరు వంటి సముద్రతీరపు టూళ్లలో ఈ పీడ హెచ్చు. అట్టి లెన్సును వదలివేయుడు. రెండు మూడు ధూళికణములున్నచో లెక్కచేయవలదు.

విద్యుత్తు సంగతి మాత్రము ఉపేక్షింపరాదు. ఈ యంత్రముల దేహము లోహముతో చేయబడినది, మీ చేతులు తడిగానుండును, గది చీకటి. పాతతీగె పగిలియున్నచో ఎలక్ట్రీషియనుచేత మార్పించి, ఎర్తుతో కూడిన మూడుపుల్లల ప్లగ్గు పెట్టించిన పిమ్మటనే వాడవలెను. అమెరికానుండి వచ్చిన యంత్రములోని బల్బు 120 వోల్టులది కావచ్చును. మన 230 వోల్టులకు తగిలించిన తక్షణమే మాడిపోవును. పాలవంటి తెల్లగాజుబల్బే వాడవలెను. కొనమీద అక్షరములు ముద్రించిన బల్బు పెట్టినచో ఆ నీడ పటములో పడుటయు కలదు.

ఇచ్చట నొక హెచ్చరిక. చాల పాతవైన నెగెటివులు కొన్ని సెల్యులోజు నైట్రేటుతో చేసినవి. 1950 ప్రాంతమున దాని తయారీ ఆగిపోయినది. అది సులభముగ అంటుకొని మంటలు లేపును. అంచుమీద సేఫ్టీ యను ఆంగ్లపదము ముద్రింపబడి యున్నచో భయములేదు. ఏ గురుతును లేక, పసుపువారి, జిగటబారి యున్నదానిని వేడిదీపముక్రింద పెట్టరాదు. వేరుగా, చల్లనిచోట నుంచి, తెలిసినవారికి చూపవలెను. పులిసిన వాసన వచ్చుచున్నది వేరొక జాతి ఫిల్ము. దానివలన అగ్నిభయము లేదు గాని, అది క్షీణించుచున్నదనుట, త్వరపడి ముద్రించుకొనుడు.

యంత్రముతోపాటు అంగడివాడు పాత కాగితపు పెట్టెలను ఉచితముగ నిత్తుననును. వానికి విలువ కట్టకుడు. ఏండ్లతరబడి వేడిమిలో నున్న కాగితము ముద్రింపకయే బూడిదరంగు తిరిగియుండును. ఊటీలో 1960లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్‌వారి ‘ఇందు’ కాగితము ఒకప్పుడు ప్రతి స్టూడియోలోను ఉండెడిది. ఆ కర్మాగారము మూతపడినది. ఇప్పుడు ఇంగ్లండు ఇల్‌ఫర్డు, చెక్ దేశపు ఫోమా కాగితములు తెప్పించుకొనవలెను. మల్టీగ్రేడు కాగితమునకు రంగుఫిల్టరులు కావలయును గనుక, వానిని పెట్టు చోటు యంత్రమునకు గలదేమో చూచుకొనుడు.

గదికొరకు వేరే మేడ కట్టించనక్కరలేదు. 1892లోనే హైదరాబాదున లాలా దీనదయాళ్ ఘోషాస్త్రీలకై జనానా స్టూడియో నెలకొల్పి, దానిని కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత చేతిలో పెట్టెను. ఆ ఎత్తుగోడల లోపల జరిగిన పని మీ స్నానాలగదిలో రాత్రివేళ జరుగవచ్చును. ఒకవైపు ఎన్లార్జరు, రెండవవైపు ద్రవముల తొట్లు; తడి యిటు రాకూడదు. డెవలపరు 20 డిగ్రీల సెంటిగ్రేడు ఉండవలెను. మన వేసవిలో కుళాయినీరే దానిని మించును గనుక, తొట్టిని మంచునీళ్లుగల పెద్ద పళ్లెములో నిలుపుడు, లేదా కార్తికము, మార్గశిరము వరకు ఆగుడు. ఈ పనికి వాడిన గిన్నె ఏదియు తిరిగి వంటింటికి పోరాదు. వాడిన హైపోలో వెండి చేరియుండును. దానిని బావిదగ్గరగాని తులసికోటవద్దగాని పారబోయరాదు.

అమ్మమ్మ నెగెటివును మొదటినాడే యంత్రములో పెట్టకుడు. ఒక నెలదినములు ఎవరిదో పెండ్లిగుంపు, ఏదో గుడిగోపురము, పోయినను చింతలేనివి ముద్రించుచు, ఐదు, పది, పదునైదు, ఇరువది క్షణముల చొప్పున కాగితపుముక్కలపై పరీక్షించుడు. చేయి కుదిరిన పిమ్మట ఆ సంచి విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి, అంచులు మాత్రమే పట్టుకొని దానిని క్యారియరులో నుంచుడు.