పద్యాలు, పదాలే ఆధారాలుగా...

కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ప్రకటించిన తొలి పురస్కారం కావ్యానికో, నవలకో కాక చరిత్ర గ్రంథానికి దక్కింది. అది 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. రచయిత, 'గోలకొండ పత్రిక' స్థాపకుడు సురవరం ప్రతాపరెడ్డి అప్పటికే కీర్తిశేషులు. 1953 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

రాజవంశావళులు, యుద్ధాలను వివరించే చరిత్రలు అంతకుముందే వెలువడ్డాయి. మధ్యయుగాల ప్రజలు ఏమి తిన్నారు, ఏమి ధరించారు, ఏ ఆటలాడారు అన్నదే ప్రతాపరెడ్డి అన్వేషణ. శాసనాలు అంతగా పట్టించుకోని ఈ సంగతులను పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు ప్రభృతుల కావ్యాల నుంచి ఆయన ఏరి కూర్చారు. కవుల అతిశయోక్తులను సాక్ష్యంగా స్వీకరించడంలో ప్రమాదం లేకపోలేదు. అయినా వంటింటి ముచ్చట్లు రాజశాసనాల్లో దొరకవు కదా!

1961లో పురస్కారం పొందిన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' సంగీతానికి సంబంధించినది. రచయిత బాలాంత్రపు రజనీకాంతరావు ఆకాశవాణి ఉద్యోగి, స్వయంగా గేయకర్త, స్వరకర్త. 2018లో మరణించారు. పాటకు చరిత్ర రాయడంలో చిక్కు వేరు. 15వ శతాబ్దికి చెందిన తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకులపై భద్రంగా నిలిచాయి. ఆ రేకులపై సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరాలు మాత్రం లేవు.